సుక్క గొర్రె మెచ్చిన లైనర్

2023 ఏప్రిల్ నెల. సూర్యాపేటలో హైవే సర్వీస్ రోడ్డు పక్కన మా షాపు. పికప్ బండ్ల వెనక తొట్టికి లైనర్లు వేయడం మా పని. తెలియనివాళ్లకు చెప్పాలంటే, లైనర్ తొట్టికి తొడిగే చొక్కా లాంటిది. సరుకు రాసుకుని రంగు పోకుండా, తడి నిలిచి ఇనుము తుప్పు పట్టకుండా కాపాడుతుంది. అంతకుముందు కోదాడలో లారీ బాడీలకు వెల్డింగ్ చేసేవాణ్ని. ఈ పనిలోకి వచ్చి పన్నెండేళ్లయినా ఇప్పటికీ ఒక పికప్ వచ్చి షాపు ముందు ఆగిందంటే నాకు కాలు ఒకచోట నిలవదు. "పెండ్లిచూపులకు పోయినట్టు ఉరుకుతవ్" అని మా ఆవిడ వెక్కిరిస్తుంది.

ఆ బుధవారం మధ్యాహ్నం కూడా అట్లాగే ఉరికాను. వచ్చింది కొత్త బండి కాదు. రెండు నెలల కింద నేనే డ్రాప్-ఇన్ లైనర్ వేసి పంపిన బండి. డ్రాప్-ఇన్ అంటే తొట్టి కొలతకు ముందే పోతపోసిన గట్టి ప్లాస్టిక్. తెచ్చి లోపలికి దించి, బోల్టులు బిగిస్తే పని అయిపోతుంది. నల్లగా, నున్నగా ఉంటుంది. ఎండ పడితే మెరుస్తుంది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, దూరం నుంచే నా లైనర్‌ను చూసి మురిసిపోయాను.

స్టీరింగ్ ముందు స్వరూప ఉంది. ముప్పై ఏళ్ల అమ్మాయి. మునగాల నుంచి నడిగూడెం పోయే దారిలో వాళ్ల ఊరు. ఆ ఇంట్లో బండి నడిపేది ఆమే. అవతలి కిటికీ దగ్గర ఆమె అత్త లింగమ్మ. అరవైకి దగ్గర పడ్డ మనిషి, పుట్టినప్పటి నుంచి గొర్రెల వెనకే తిరిగిన మనిషి. ఇద్దరి మధ్యన సీటు మీద, దర్జాగా, ఒక గొర్రె కూర్చుని ఉంది. నల్లటి ముఖం, నుదుటి మీద తెల్లటి చుక్క, మెడలో చిన్న గంట.

నేను గొర్రెను పట్టించుకోలేదు. "ఎట్లుంది చెల్లె మన లైనర్? ఒక్క గీతన్న పడ్డదా?" అన్నాను.

"గీత పడలె అన్నా, గొర్రెలు పడ్డయి" అంది స్వరూప.

లైనర్ వేయించుకున్న వారానికి వాళ్లు మందలోంచి ఇరవై జీవాలను ఎక్కించుకుని మేతకు బయలుదేరారట. మా వైపు జీవాలంటే గొర్రెలూ మేకలే. ఊరు దాటగానే ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. స్వరూప బ్రేకు వేసింది, మెల్లగానే వేసింది. నున్నటి ప్లాస్టిక్ మీద ఇరవై గొర్రెలూ ఒక్కసారిగా జారి ముందు గోడకు గుద్దుకుని కుప్ప పడ్డాయి. అడుగున పడ్డది సూడి గొర్రె, ఇంకో పది రోజుల్లో ఈనాల్సింది. తీసేసరికి తల్లీ లేదు, కడుపులో పిల్లా లేదు. లింగమ్మ ఈ మాటలు చెబుతూ ఏడవలేదు. సీటు మీదున్న గొర్రె చెవి నిమురుతూ కూర్చుంది.

తప్పు ఎక్కడుందో నాకు వెంటనే తెలిసిపోయింది. లైనర్ వేసిన రోజు "ఏం లోడ్ ఏస్తరు?" అని అడిగాను. "జీవాలను" అని స్వరూప చెప్పింది. "అయితే ఇదే కరెక్టు. పెంటైనా ఉచ్చైనా పైపు పెడితే రెండు నిమిషాల్ల ఖతం" అన్నాను. కడుక్కోవడం గురించి ఆలోచించాను, ఇనుము గురించి ఆలోచించాను. నిలబడే గిట్ట గురించి నాకు తట్టలేదు.

"అక్కా, తప్పు నాదే. ఇది తీసేసి వేరేది నా ఖర్చు మీద ఏస్త" అన్నాను.

"అది తర్వాత ముచ్చట తమ్మీ. ముందు దీని సంగతి సూడు" అని లింగమ్మ గొర్రెను చూపించింది. "దీని పేరు సుక్క. ఇది ముందు నడిస్తెనే మంద కదుల్తది. ఆ దినం సంది ఇది బండెక్కుతలేదు. ఇది ఎక్కకుంటె ఒక్కటి ఎక్కదు. గందుకే గిట్ల ముందట కూసోబెట్టుకొని వచ్చినం."

అసలు గండం అప్పుడు చెప్పింది. ఊళ్లో గడ్డి మొత్తం ఎండిపోయింది. అరవై గొర్రెలు, అందులో తొమ్మిది సూడివి. వేములపల్లిలో సైదులు అనే రైతు వరి కోసి, మందను పొలంలో మూడు వారాలు మేపుకోమన్నాడు. గొర్రెలకు మేత, పొలానికి ఎరువు. ఏటా నడిపించుకునే పోయేవాళ్లు. ఇప్పుడు ఆ రోడ్ల మీద లారీల మధ్య సూడి గొర్రెలను నడిపించడం అయ్యే పని కాదు. సైదులు శనివారం సాయంత్రం దాకే ఆగుతానన్నాడు. ఆ లోపు మంద రాకపోతే కొయ్యకాళ్లకు నిప్పు పెట్టి దున్నేస్తాడు. మధ్యలో మిగిలింది రెండు రోజులు.

ఇక చూడండి నా హుషారు! బాధ ఒక పక్కన ఉంది, కానీ ఇంత గట్టి సమస్య దొరికితే నాకు నిద్ర పట్టదు, ఆకలి వేయదు. రబ్బరు మ్యాట్ గురించి చెప్పాను, చెకర్ ప్లేటు గురించి చెప్పాను, స్ప్రే లైనర్ గురించి చెప్పాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. లింగమ్మ ఓపికగా విని, "నువ్వు చెప్తె అయితదా తమ్మీ? ఎక్కేది నువ్వా? అది చెప్పాలె" అంది.

అప్పుడు మొదలైంది మా షాపు చరిత్రలో ఎన్నడూ జరగని పరీక్ష. ఒక పాత బండి వెనక డోరును ఇటుకల మీద వాలుగా పెట్టాం. దాని మీద ఒక్కో శాంపిల్ పరుస్తాం, సుక్క ఎక్కి చూస్తుంది. టీకొట్టు దగ్గర ఉన్న డ్రైవర్లంతా గ్లాసులతో సహా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

మొదట అల్యూమినియం చెకర్ ప్లేటు. గళ్లు గళ్లుగా ఉబ్బెత్తు గీతలుండే రేకు అది. సుక్క ముందు కాలు పెట్టింది, టంగుమని మోగింది. అంతే, ఒక్క దూకుతో లింగమ్మ కొంగు చాటుకు పోయింది. తర్వాత రబ్బరు మ్యాట్. దాని మీద హాయిగా నడిచింది. నేను చప్పట్లు కొట్టబోతుంటే లింగమ్మ మ్యాట్ అంచు పట్టుకుని పైకి లేపింది. "దీని కిందికి ఉచ్చ దిగితే? దినాం అరవై జీవాల ఉచ్చ. నీ ఇనుము ఎన్ని దినాలుంటది?" నా పాఠం నాకే అప్పజెప్పింది.

మూడోది స్ప్రే లైనర్. రెండు డ్రమ్ముల్లోని మందులు వేడెక్కి గన్ను మూతి దగ్గర కలుస్తాయి. ఇనుము మీద పడ్డ కొన్ని క్షణాల్లోనే గట్టిపడి చర్మంలా అతుక్కుంటాయి. కింద సందు ఉండదు, పైన గరుకుగా ఉంటుంది. మా స్ప్రే మేస్త్రీ జానీ భాయ్ శాంపిల్ రేకు తెచ్చి, దాని మీద ఒక బకెట్ నీళ్లు కూడా పోశాడు. సుక్క ఎక్కింది. ఆ వాలు మీద, ఆ తడి మీద, నాలుగు కాళ్లూ నిలదొక్కుకుని నిలబడింది. నేను గట్టిగా అరిచాను. డ్రైవర్లు కూడా అరిచారు.

లింగమ్మ అరవలేదు. వంగి తన మోచేతిని ఆ రేకు మీద రుద్దుకుంది. చర్మం ఎర్రగా గీసుకుపోయింది. "పిల్లలు పండుకుంటయి తమ్మీ. లేసేటప్పుడు మోకాళ్ల మీద లేస్తయి. గింత గరుకైతె తోలు ఊడుతది."

జానీ భాయ్ ముందుకొచ్చాడు. కోదాడ మనిషి, మాట మెత్తగా ఉంటుంది. "కంగారు పడకండమ్మా. గన్ను దూరం పెడితే గరుకొస్తుంది, దగ్గర పెడితే నున్నగా వస్తుంది. మధ్యలో ఎక్కడ కావాలో మీరు చేత్తో చూసి చెప్పండి, అక్కడే ఆపేస్తాను" అన్నాడు.

రేకు ముక్కల మీద నాలుగు రకాలు కొట్టాడు. ఆరాక లింగమ్మ ఒక్కోదాని మీద అరచేయి పెట్టింది, తర్వాత చెంప ఆనించింది. పన్నెండేళ్లలో లైనర్‌ను చెంపతో చూసిన కస్టమర్‌ను నేను చూడలేదు. మూడో ముక్క దగ్గర ఆగి "గిది" అంది. ఆ ముక్కను కాసేపు ఎండలో ఉంచి సుక్కను నిలబెడితే, కాలు మార్చి కాలు ఎత్తడం మొదలుపెట్టింది. నల్ల రంగు ఎండకు కాలిపోతోంది. జానీ భాయ్ తెలుపు ఎక్కువ కలిపి లేత బూడిద రంగు తయారుచేశాడు. మళ్లీ ఎండలో పెట్టాం. ఈసారి సుక్క నిలబడి నెమరు వేసింది. ఆ నెమరు చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయంటే నమ్మండి.

బండి మా దగ్గరే వదిలి, వాళ్లు సుక్కను తీసుకుని ఆటోలో వెళ్లిపోయారు. గురువారం పాత లైనర్ విప్పాం. ఇన్నాళ్లూ "ఒక్క గీత పడదు" అని నేను చెప్పుకున్న ప్లాస్టిక్ కింద ఉచ్చా, కడిగిన నీళ్లూ నిలిచి, రెండు నెలలకే రంగు పొంగి తుప్పు గీతలు మొదలయ్యాయి. జానీ భాయ్ నా వైపు చూసి తల దించుకున్నాడు. ఇద్దరం కలిసి ఇనుము బయటపడే దాకా రుద్దాం, ప్రైమర్ వేశాం, సాయంత్రానికి స్ప్రే పూర్తిచేశాం. ఒక రోజు గాలికి ఆరాలి, అప్పుడే లోడ్ ఎక్కించాలి. ఇప్పటిదాకా నేను చేయించిన పనుల్లో అంత అందమైన తొట్టి లేదు. రాత్రి అన్నం తింటూ దాని ఫోటోనే చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారం సాయంత్రం లింగమ్మ ఒక్కతే బస్సు దిగింది. నెత్తి మీద ఎరువుల సంచి ఉంది. కండక్టర్‌తో పోట్లాడి తెచ్చానంది. నేనేమో ఫోన్లో మిర్యాలగూడ పార్టీతో మాట్లాడుతున్నాను. ఆమె నేరుగా తొట్టిలోకి ఎక్కింది. సంచి బోర్లించింది. గొర్రె పెంటికలు, దొడ్డి మట్టి! నీళ్లు చల్లి రెండు చేతులతో నా బూడిద రంగు లైనర్ నిండా పులిమేసింది. "గట్లనే ఉండనియ్యి తమ్మీ, రేపు పొద్దుగాల వస్తం" అని చేతులు కడుక్కుని, అదే బస్సు తిరిగొస్తే ఎక్కి వెళ్లిపోయింది.

ఫోన్ పెట్టేసి తొట్టి దగ్గరకు ఉరికాను. బూడిదలో పోసిన పన్నీరంటే ఇదే అనుకున్నాను. తర్వాత నన్ను నేనే సముదాయించుకున్నాను. లైనర్ మరక పట్టుకుంటుందో లేదో చూసుకోవడానికి చేసి ఉంటుంది, పాపం. నాకు శ్రమ ఎందుకని ఉండనిమ్మంది. కానీ కడగని బండిని పార్టీకి అప్పజెప్పడం మా షాపులో లేదు. శనివారం పొద్దున్నే ప్రెషర్ పంపు పెట్టి మూల మూలా కడిగాను. షాంపూ వేశాను. డోరుకు పసుపు బొట్లు పెట్టాను, బంతిపూల దండ వేశాను, రెండు అగరబత్తులు వెలిగించాను.

అత్తాకోడళ్లు వచ్చారు. లింగమ్మ తొట్టిలోకి తొంగిచూసి, వాసన పీల్చి, "కడిగినవా?" అంది.

"మరకే లేదక్కా! చూడు, ముఖం కనవడుతది!"

ఆమె నన్ను ఒక క్షణం చూసింది. "సరె పా. నువ్వు గూడ రా" అంది. సుక్క ఎక్కుతుంటే వీడియో తీసి పెట్టుకుందామని నేనూ సంబరంగా ఎక్కి కూర్చున్నాను.

ఊళ్లో దొడ్డి ముందు బండి ఆపి, గొర్రెలు ఎక్కేందుకు తొట్టి వెనక చెక్క పలక వాల్చారు. సుక్కను ముందుకు తెచ్చారు. నేను ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. సుక్క పలక మొదట్లో ఆగింది. ముక్కు ఎగరేసి పీల్చింది. షాంపూ, అగరబత్తి, కింద నుంచి స్ప్రే మందు. వెనక్కి తిరిగి, నడుచుకుంటూ దొడ్డిలోకి వెళ్లిపోయింది. మిగతా యాభై తొమ్మిదీ దాని వెంటే వెళ్లిపోయాయి. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

స్వరూప ఓర్చుకోలేకపోయింది. "అన్నా, నిన్న అత్త గంత దూరం మోసుకొచ్చి పూసింది ఎందుకనుకున్నవ్? కొత్త దొడ్డి కడితె మేం పాత దొడ్డి మన్ను తెచ్చి సల్లుతం. అవి కండ్లతోని కాదు, ముక్కుతోని ఇల్లు గుర్తువడతయి. రాత్రంత ఆరి మీ మందు వాసన సచ్చిపోతుండె. నువ్వు కడిగి, అగరబత్తి ఎలిగిస్తివి!"

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికే తొమ్మిదిన్నర. సాయంత్రానికి అక్కడ నిప్పు పెడతారు. మూడు ట్రిప్పులు పోవాలి. లింగమ్మ మాత్రం నవ్వింది. "నీ తప్పుకు మందు నీ చేతులనే ఉన్నది తమ్మీ. అంగి తీసెయ్" అంది.

తీసేశాను. దొడ్డిలోకి దిగి తడి మట్టి తట్టకెత్తాను, పెంటికలు నీళ్లలో పిసికాను, మోచేతుల దాకా ముంచి నా లైనర్‌కు నేనే పూశాను. ఇక్కడే నాకు ఆనందమైన సంగతి ఒకటి కనిపించింది. పాత నున్న ప్లాస్టిక్ అయితే ఆ మట్టి జారిపోయేది. లింగమ్మ చెంపతో ఎంచిన ఆ గరుకు దాన్ని పట్టి ఉంచింది! "అక్కా, పట్టుకుంటుంది! చూడు, పట్టుకుంటుంది!" అని అరిచాను. ఏప్రిల్ ఎండకు అరగంటలో ఆరిపోయింది. పూలదండ కూడా తీసి సుక్క ముందు వేశాను. అది దండను తినేసింది.

రెండోసారి పలక వాల్చారు. సుక్క వచ్చింది, పీల్చింది. ఒక కాలు పెట్టింది. లింగమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. సుక్క రెండో కాలు పెట్టింది, గంట మోగించుకుంటూ పైకెక్కి ముందు గోడ దాకా వెళ్లి నిలబడింది. ఆ వెనక చూడాలి, గొర్రెదాటు అంటే ఏమిటో! తూము ఎత్తితే నీళ్లు దూకినట్టు ఎక్కాయి. ఇరవై కాగానే స్వరూప డోరు మూసింది. తొమ్మిది సూడివీ ఆ ట్రిప్పులోనే ఉన్నాయి.

నేను తొట్టిలోనే నిలబడతానన్నాను. నా పని నేనే చూడాలి కదా. ఊరు దాటగానే అదే స్పీడ్ బ్రేకర్. స్వరూప బ్రేకు వేసింది. ఇరవై గొర్రెల ఒళ్లు ఒక్కసారి ముందుకు ఊగింది, గిట్టలు మాత్రం కదల్లేదు. ఒక్కటి కూడా జారలేదు. రబ్బరు చెప్పులతో నిలబడ్డ నేను మాత్రం ఆగలేక ముందుకు దూసుకుపోయి సుక్క మీద పడ్డాను. అది నన్ను అసహ్యంగా చూసింది. నేను అక్కడే కూర్చుని పిచ్చివాడిలా నవ్వాను.

వేములపల్లి చేరేసరికి పక్క పొలాలు అప్పుడే పొగలు కక్కుతున్నాయి. గట్టు మీద సైదులు నిలబడి ఉన్నాడు. బండిలోంచి గంట చప్పుడు వినగానే చేతిలో ఉన్న అగ్గిపెట్టె జేబులో వేసుకుని, "రాండ్రి, రాండ్రి, పొద్దుగూకితె నేను ఆగకపోతుంటి" అన్నాడు. సుక్కను ప్రతిసారీ వెనక్కి తెచ్చి ముందు ఎక్కిస్తుంటే, సాయంత్రం వాలేలోపు మిగతా రెండు ట్రిప్పులూ వచ్చేశాయి.

ఆ రోజు దొడ్డిలో మట్టి ఎత్తుతున్నప్పుడు ఒక మూల నా పాత డ్రాప్-ఇన్ లైనర్ కనిపించింది. విప్పిన రోజే స్వరూప ట్రాలీ ఆటో తెచ్చి తీసుకుపోయింది, ఎందుకో నేను అడగలేదు. తెరిచి ఉండే వైపును ఎత్తుగా పెట్టి, పల్లం వైపు నీళ్లు నింపారు. నాలుగు పిల్లలు వరుసగా నిలబడి తాగుతున్నాయి. నేను చూడడం చూసి లింగమ్మ, "సరుకు మంచిదే తమ్మీ, చోటే తప్పింది" అంది.

ఆ మాటే ఇవాళ్టికీ మా షాపుకు పెద్ద బాలశిక్ష. ఏ లైనర్ మంచిదని ఎవరన్నా అడిగితే ఇప్పుడు నేను నా సరుకు గొప్ప చెప్పను. తొట్టిలో ఏముంటది, అది కూర్చుంటదా, నిలబడతదా, దానికి ముక్కుందా, మోకాలుందా అని అడుగుతాను. బండి అప్పజెప్పే ముందు "కడగాల్నా, వద్దా?" అని కూడా అడుగుతాను. జనం నన్ను వింతగా చూస్తారు, చూడనీ.

మూడు వారాల తర్వాత మంద తిరిగి ఇంటికి వస్తున్న రోజు, నేను షాపులో టీ తాగుతుంటే ఫోన్ మోగింది. స్వరూప. వెనక గాలి, గొర్రెల అరుపులు. బండి పక్కకు ఆపిందట.

"అన్నా! తొట్లనే ఈనింది అన్నా, సూడి గొర్రె! ఆడపిల్ల!"

"తల్లి ఎట్లుంది?"

"మంచిగుంది, నాకుతుంది. ఆగు, పిల్ల లేస్తుంది... అగో, మోకాళ్ల మీద లేసింది... అత్తా, పట్టుకోకు, సూడనియ్యి..." నేను టీ గ్లాసు కింద పెట్టి నిలబడ్డాను.

"నిలబడ్డది అన్నా! నాలుగు కాళ్ల మీద నిలబడ్డది! జారలె!"